గుడ్డతో తుడిస్తే పోని దుమ్ము



పోయిన చలికాలంలో మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. పొద్దున్న ఎనిమిదింటికి టీవీ బల్లని తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచాను. అన్నాలయ్యాక వచ్చి చూద్దును కదా, మా ఐదేళ్ళ మనవడు ఆ బల్ల మీద వేలితో "అ, ఆ" దిద్దుకుంటున్నాడు! పలకా అక్కర్లేదు, బలపమూ అక్కర్లేదు. వాడి అక్షరాలు చూసి మురిసిపోవాలో, నా తుడుపు చూసి సిగ్గుపడాలో తెలియలేదు.

మనకి ఒక అలవాటుంది చూడండి. ఇంట్లో దుమ్ము కనిపిస్తే అది మన చేతగానితనమే అనుకుంటాం. చుట్టాలొస్తే "ఇవాళ పనిమనిషి రాలేదండీ" అని అడక్కుండానే సంజాయిషీ చెప్పుకుంటాం. నేనూ ఆ రోజు అలాగే అనుకుని, మళ్ళీ గుడ్డ తడిపి తుడిచేశాను. కానీ ఆ రాత్రి రెండింటికి వాడు లేచి కూర్చున్నాడు. ఆయాసం! గొంతులోంచి ఒకటే పిల్లికూతలు. మావారు, అబ్బాయి ఆటో కోసం పరుగులు తీశారు. మా కోడలు వాణ్ణి భుజాన వేసుకుని వీపు రాస్తూ కూర్చుంది. ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టాకగానీ పిల్లవాడు తెరిపిన పడలేదు.

పిల్లల డాక్టరుగారు మందు రాసి, మూడు ప్రశ్నలు అడిగారు. "ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?" లేదండీ అన్నాను గర్వంగా. "దోమల కాయిల్ వెలిగిస్తారా?" నా నోరు పెగల్లేదు. ప్రతి సాయంత్రం ఆరింటికి దేవుడి దగ్గర దీపం పెట్టిన చేత్తోనే వాడి మంచం కింద కాయిల్ పెడుతున్నది నేనే! "ఇంటి దగ్గర చెత్త తగలబెడతారా?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, రోజూ పొద్దున్నే మా వీధి చివర లేచే పొగ.

మేము 1994లో ఈ వీధికి వచ్చినప్పుడు ఇక్కడ ఉన్నవి పద్నాలుగు ఇళ్ళు. ప్రతి ఇంటికీ ఓ జామచెట్టో, వేపచెట్టో ఉండేది. ఇప్పుడు ఆ పద్నాలుగు ఇళ్ళలో పదకొండు అపార్టుమెంట్లయ్యాయి. ఒక వంటిల్లున్న చోట పది వంటిళ్ళు, ఒక స్కూటరున్న చోట ఎనిమిది కార్లు, పదిహేను స్కూటర్లు. వీధి మాత్రం ఇరవై అడుగులే, అంగుళం కూడా పెరగలేదు! మా వీధి సంగతే కాదు, ఊరంతా ఇంతే. హైదరాబాదు మహానగరంలో 1991 జనాభా లెక్కల్లో మనం సుమారు 43 లక్షలం. 2011 నాటికి 77 లక్షలకి చేరాం. ఆ తర్వాత ఎంత పెరిగామో పాలబూతు దగ్గర క్యూ చూస్తేనే తెలుస్తోంది.

అలాగని "ఎందుకింతమంది వచ్చి పడ్డారో" అని విసుక్కునే హక్కు నాకు లేదు లెండి. నేనూ ఒకప్పుడు రెండు ట్రంకుపెట్టెలతో బస్సు దిగినదాన్నే. పిల్లల చదువులకని కొందరు, కూలిపనికని కొందరు, కంప్యూటరు ఉద్యోగాలకని ఇంకొందరు వచ్చారు. అందరం వచ్చాం. రావడం తప్పు కాదు. ఇంతమందిమి ఒకే గాలి పీలుస్తున్నామన్నది మరిచిపోవడమే తప్పు.

ఇంతకీ ఈ దుమ్ము సంగతేమిటో చూద్దాం. టీవీ బల్ల మీద కంటికి కనిపించేది లావుపాటి దుమ్ము. చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. అసలు శత్రువు కంటికి కనిపించనిది. మన తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు ఉండే సన్నటి ధూళి. దాన్నే పి.ఎం. 2.5 అంటారు. అది ముక్కులో ఆగదు, నేరుగా ఊపిరితిత్తుల లోలోపలికి పోతుంది. అందులో మరీ సన్నవి రక్తంలోకి కూడా చేరతాయి. పిల్లలకి ఆయాసం, పెద్దలకి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతాయి. ఘనమీటరు గాలిలో ఈ ధూళి ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదని 2009లో మన దేశంలో నియమం పెట్టుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2021లో 5 దాటకూడదంది! ఇంటి పొగ, బయటి పొగ కలిపి ప్రపంచంలో ఏటా సుమారు 70 లక్షల మంది ప్రాణాలు తీస్తున్నాయని ఆ సంస్థే చెబుతోంది.

ఈ ధూళి ఎక్కడినుంచి వస్తుందంటారా? బళ్ళ పొగ, రోడ్ల దుమ్ము, కట్టే భవనాల సిమెంటు, ఫ్యాక్టరీల పొగ, తగలబెట్టిన చెత్త. వానాకాలంలో వాన కడిగేస్తుంది, వేసవిలో వేడిగాలి పైకి లేచి పొగని చెదరగొడుతుంది. చలికాలంలో మాత్రం నేలని ఆనుకుని చల్లగాలి ఉంటుంది, దాని మీద వెచ్చటిగాలి మూతలా కూర్చుంటుంది. అన్నం గిన్నె మీద మూత పెడితే ఆవిరి ఎక్కడికీ పోదు చూడండి, అలాగన్నమాట. అందుకే చలికాలం తెల్లవారుజామున వీధిలో వేసిన మంట పొగ మన కిటికీల దగ్గరే తచ్చాడుతుంది.

సరే, ఆసుపత్రినుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే కోపంగా వీధి చివరికి వెళ్ళాను. మా వీధి ఊడ్చే ఆమె ఆకులన్నీ కుప్పచేసి, అప్పుడే అగ్గిపుల్ల గీస్తోంది. "ఏమ్మా, మా పిల్లాడు రాత్రంతా ఊపిరాడక కొట్టుకున్నాడు. నీకేమైనా బుద్ధుందా?" అన్నాను. ఆ మాట అనవలసింది కాదు. ఆమె చీపురు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఏం జెయ్యమంటవమ్మా? బండి నాలుగొద్దులకొకపారి గూడ వస్తలేదు. కుప్ప అట్లనే ఉంటె సారు నన్ను తిడతడు. కాలవెడితె నువ్వు తిడతవు. ఈ ఆకంత నెత్తిమీద వెట్టుకొని ఏడ వొయ్యాలె? ఈ పొగ ముందుగాల మింగేది నేనే గద!" అంది. అని దగ్గింది. ఆ దగ్గు మా మనవడి దగ్గులా రెండు రోజుల్లో తగ్గేది కాదని వింటేనే తెలుస్తోంది.

ఆ కుప్పలోకి వంగి చూశాను. ఆకులు సగమే! మిగతావన్నీ మన ఇళ్ళవే. పాలకవర్లు, చిప్స్ పాకెట్లు, పిల్లల డైపర్లు, ఎవరిదో తెగిన చెప్పు. ఒక కవరు మీద మా కొట్టు పేరే ఉంది. మా ఇంట్లోంచే వచ్చిందేమో, ఎవరు చెప్పగలరు? ప్లాస్టిక్ కాలిన పొగ ఆకుల పొగకన్నా మరీ విషం. ఆ విషం ఆమె చేత్తో వెలిగినా, అందించింది మనమే కదా.

చెత్త బహిరంగంగా తగలబెట్టకూడదని 2016లో నియమాలొచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్, చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా అంది. మా అబ్బాయి "ఫోటో తీసి ఫిర్యాదు పెట్టమ్మా" అన్నాడు. పెట్టవచ్చు. కానీ దాంతో ఎవరి కూడు పోతుంది? ఆ ఆలోచనతో రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మూడోరోజు పక్క అపార్టుమెంటులో గొబ్బిళ్ళ పేరంటం. పసుపు కుంకాలయ్యాక ఈ సంగతి కదిపాను. అసోసియేషన్ మీటింగంటే ఎప్పుడూ లిఫ్టు, బోరు, పార్కింగు గొడవలే! గాలి మాట ఎవరూ ఎత్తరు. ఆ రోజు మాత్రం ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు పిన్నిగారికి ఏడాదిగా పొడిదగ్గు. ఎదురింటి అమ్మాయికి నాలుగేళ్ళ కూతురు, ఇన్‌హేలర్ లేనిదే నిద్రపోదు. ఎవరికి వాళ్ళం "మా ఇంటి జబ్బు" అనుకున్నాం. అది వీధి జబ్బు!

ఆ రోజే మూడు పనులు అనుకున్నాం. తడిచెత్త, పొడిచెత్త ఇంట్లోనే వేరు చెయ్యడం మొదటిది. రెండోది, మా అపార్టుమెంటు వెనక ఖాళీజాగాలో ఇనుప వల చుట్టి ఆకులగుంట ఏర్పాటు చెయ్యడం. ఊడ్చిన ఆకులు తగలబెట్టకుండా ఆమె అందులో పోస్తుంది. చెత్తబండి రోజూ రావాలని నలభై ఒక్కమంది ఆడవాళ్ళం సంతకాలు పెట్టి, వెళ్ళి ఇచ్చిరావడం మూడోది. మొదటిసారి "చూస్తాం" అన్నారు. రెండోసారీ "చూస్తాం" అన్నారు. మూడోసారి పదిమందిమి కలిసి వెళ్ళి బెంచీల మీద కూర్చున్నాం. ఆ మర్నాటినుంచి బండి వారానికి ఐదు రోజులు వస్తోంది.

అంతా బాగుపడిపోయిందని చెప్పను. పక్క వీధిలో ఇంకా మంట వేస్తూనే ఉన్నారు. మెయిన్ రోడ్డు దుమ్ము అలాగే ఉంది. ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ డైపర్లు తడిచెత్తలో పడేస్తున్నారు. కానీ మా మూలన పొగ నూటికి తొంభై పాళ్ళు తగ్గింది. గుంటలో ఆకులు నల్లటి ఎరువయ్యాయి. మా కరివేపాకు మొక్క అది తినే ఏపుగా పెరుగుతోంది. ఆమెకి నేను క్షమాపణ చెప్పుకుని, దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళి దగ్గు చూపించాను. మందులు వాడుతోంది.

ఇక మన ఇంట్లో మనం చేసుకోవలసినవి కొన్ని:

దోమల కాయిల్ మానెయ్యండి. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ఒక పరిశోధనలో తేలింది. దోమతెర కట్టుకోండి, కిటికీలకి జాలీ వేయించండి. పసిపిల్లలున్న గదిలో అగరొత్తులూ, సాంబ్రాణీ కూడా వద్దు.

పోపు పెట్టేటప్పుడు, అప్పడాలు వేయించేటప్పుడు ఎగ్జాస్టు ఫ్యాను వేసి, వంట అయ్యాక మరో పది నిమిషాలు తిరగనివ్వండి. ఫ్యాను లేకపోతే కిటికీ తెరవండి.

పొడి చీపురుతో దులిపితే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. తడిగుడ్డతో తుడవండి. వాకిలి ఊడ్చే ముందు మన అమ్మమ్మలు నీళ్ళు చిలకరించేవారు, ఊరికే కాదు!

చలికాలంలో మరీ తెల్లవారుజామున వాకింగు వద్దు. ఎండ వచ్చాక, మెయిన్ రోడ్డుకి దూరంగా నడవండి. ఇంటి కిటికీలు కూడా ఎండెక్కాక తెరవండి.

గదిలో రెండు కుండీలు పెడితే గాలి శుభ్రమైపోతుందని నమ్మకండి. మొక్కలు కంటికి చల్లదనం, అంతే. సన్నధూళిని ఆపే శక్తి వాటికి లేదు.

పిల్లలకి డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే "అలవాటైపోతుందేమో" అని మధ్యలో ఆపకండి. నేనూ ఆ పొరపాటు చెయ్యబోయాను, మా కోడలు ఆపింది.

భోగిమంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వెయ్యకండి. పిడకలూ, కట్టెలూ చాలు, అదీ వీధికి ఒక్క మంటే, చిన్నది.

మీ ఊళ్ళో గాలి ఎలా ఉందో ఫోనులో చూసుకోవచ్చు. 2015 నుంచి మన దేశంలో గాలి నాణ్యత సూచీ ఇస్తున్నారు. 50 లోపు మంచిది, 100 దాకా ఫరవాలేదు, 200 దాటితే బాగాలేనట్టు. ఆ రోజు పిల్లల్నీ, పెద్దవాళ్ళనీ బయట ఎక్కువసేపు తిప్పకండి. ఇది హైదరాబాదు గొడవే అనుకునేరు! 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో మన విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నల్గొండ పేర్లు కూడా ఉన్నాయి.

"మనవల్ల ఏమవుతుందిలే" అంటారా? మన అమ్మలు కట్టెలపొయ్యి ఊదుకుంటూ కళ్ళు పోగొట్టుకున్నారు. 1999లో దీపం పథకంలో పేదిళ్ళకి గ్యాసు వచ్చింది. సీసం కలిపిన పెట్రోలు 2000లో మన దేశమంతా ఆగిపోయింది. పొగ మన తలరాత కాదని అప్పుడే తెలిసింది కదా.

మా మనవడు మొన్న కూడా టీవీ బల్ల మీద దిద్దాడు. ఈసారి "అమ్మ" అని రాశాడు. దుమ్ము ఇంకా ఉందన్నమాట! కానీ ఈ చలికాలంలో వాణ్ణి ఇంతవరకు ఒక్కసారి కూడా రాత్రిపూట ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. నాకు అది చాలు.

మీ వీధి చివర పొగ లేస్తోందా? రేపు పేరంటంలో చీర సంగతులయ్యాక ఆ మాట కూడా కదిపి చూడండి. ఏమైందో నాకు ఉత్తరం రాయండి. వచ్చే వారం నిలవ ఉండే ఉసిరికాయ పచ్చడితో కలుద్దాం. ఉంటాను మరి!