లారీ టాంకులో పోసేదేమిటో తేలాలి

మిరప కోతలు పూర్తయితే గుంటూరు యార్డుకు దారితీసే రోడ్లన్నీ లారీలమయం. ఒక్క లారీని నమ్ముకుని, వాయిదాలు కట్టుకుంటూ బతికే చిన్న యజమానికి లీటరుకు నాలుగు రూపాయలు మిగులుతాయంటే ఆశ పుట్టడం సహజం. ‘బయోడీజిల్’ అనే మాటకు గిరాకీ యీ ఆశ వల్లనే.

అసలు బయోడీజిల్‌లో తప్పేమీ లేదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతోనే నడిచింది. మన పత్తిగింజల నూనె, కానుగ నూనె కూడా పనికివస్తాయి. అయితే గానుగ నుంచి వచ్చిన నూనెను అలాగే పోయరాదు. అది చిక్కన, నాజిళ్ళలో మసి గట్టిపడుతుంది. మిథనాలు, కాస్టిక్ సోడా కలిపి నూనెను మార్చి, అందులోంచి గ్లిజరిన్ తీసివేయాలి. 100 కిలోల నూనెకు సుమారు 10 కిలోల గ్లిజరిన్ వస్తుంది. ఆ పని సగంలో వదిలిన సరుకు ఫిల్టరును, పంపును పాడుచేస్తుంది.

సక్రమంగా తయారైనదాన్ని డీజిల్‌లో 7 శాతం వరకు కలపడానికి మన దేశ డీజిల్ ప్రమాణాలే అనుమతిస్తున్నాయి. ఆ పాలు మించితే పాత లారీలకు చిక్కు. టాంకు అడుగున ఏళ్ళుగా పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కరిగించి ఫిల్టరుకు పట్టిస్తుంది. పాతకాలపు రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి. తేమను పీల్చే గుణం కూడా వుంది గనుక మూతలేని డ్రముల్లో నెలల తరబడి నిలవ చేసినది కొనకపోవడమే మేలు.

ఇంతకంటె పెద్ద బెడద, పేరు ఒకటి, సరుకు మరొకటి కావడం. 2021లో గుజరాత్‌లో బయోడీజిల్ పేరిట పారిశ్రామిక నూనెలు అమ్ముతున్నవారిపై పోలీసులు దాడులు జరపవలసి వచ్చింది. చిల్లరగా అమ్మేవారు ప్రభుత్వం వద్ద నమోదు కావాలని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ప్రకటించింది. కాగితం మీది నిబంధన రోడ్డు పక్క డ్రము దాకా రావాలి గదా!

గుంటూరు నుంచి ఒంగోలు పోయే 16వ నంబరు జాతీయ రహదారి 2022 విభజన తర్వాత గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మీదుగా సాగుతున్నది. ఒక జిల్లా అధికారులు తనిఖీకి వస్తే డ్రములు పొరుగు జిల్లాకు చేరడానికి అరగంట చాలు. కనుక నాలుగు జిల్లాల పౌర సరఫరాల అధికారులు ఒకేనాడు కలిసి నమూనాలు తీయాలి. అమ్మకందారు రసీదు, నాణ్యతా పత్రం చూపనిదే లారీ యజమానులు కొనరాదు. ఇది మిరప సీజనుకు ముందే జరగాలి. బస్తాలు ఎక్కిన తర్వాత లారీని ఆపి నూనె సీసాలో పట్టే తీరిక అధికారికీ వుండదు, డ్రైవరుకూ వుండదు.