పోలీసుకూ విశ్రాంతి కావాలి

2025 నవంబరు 3వ తేదీని తాండూరు మరచిపోలేదు. హైదరాబాదుకు బయలుదేరిన తాండూరు డిపో బస్సు, కంకర టిప్పర్ చేవెళ్ల సమీపాన మీర్జాగూడ వద్ద ఢీకొని 19 మంది మరణించారు. కంకర కింద చిక్కినవారిని బయటకు తీసినవారిలో పోలీసులున్నారు. మృతుల కుటుంబాల దుఃఖాన్ని అందరం పంచుకున్నాం. ఆ దృశ్యం చూసిన కానిస్టేబులుకు రాత్రి నిద్ర పట్టిందా అని అడిగినవారెందరు?

తాండూరు సరిహద్దు పట్టణం. నాపరాళ్ళు, సిమెంటు మోసే లారీలు రోడ్లను ఖాళీగా ఉండనివ్వవు. సెలవు వస్తే వికారాబాదు అనంతగిరికి హైదరాబాదు జనం తరలివస్తారు. ఊరికి పండుగైతే పోలీసుకు బందోబస్తు.

హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి 2014లో వెలువరించిన దేశవ్యాప్త అధ్యయనంలో, స్టేషను సిబ్బందిలో దాదాపు 90 శాతం రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారనీ, 73.6 శాతానికి నెలకొక్క వారాంతపు సెలవైనా దక్కడం లేదనీ తేలింది.

ఇది కేవలం పోలీసుల బాధ కాదు. ఎవరిని నమ్మాలి, ఎవరిని అరెస్టు చేయాలి, లాఠీ ఎత్తాలా వద్దా అన్నది క్షణంలో తేల్చవలసిన ఉద్యోగమిది. నిద్రలేని మనిషికి ఓపిక తగ్గుతుంది, కోపం ముందుకు వస్తుంది. 2024 నవంబరు 11న లగచర్లలో భూసేకరణ వివాదంలో కలెక్టరుపై దాడి జరిగింది. తదుపరి అరెస్టుల్లో పోలీసులు దౌర్జన్యం చేశారని గిరిజన కుటుంబాలు జాతీయ మానవ హక్కుల సంఘానికి మొరపెట్టుకున్నాయి. ఉద్రిక్త సమయంలో పోలీసు నిర్ణయం ఎన్ని ఇళ్ళను తాకుతుందో చెప్పడానికి ఈ ఉదంతం చాలు.

అలసట పేరుతో జులుంను మన్నించమని ఎవరూ అనరు. తప్పుచేసినవారిపై చర్య తీసుకోవలసిందే. కాని తప్పుకు దారితీసే పరిస్థితిని అలాగే ఉంచి శిక్షతోనే సరిపెట్టడం వివేకం కాదు.

వారాంతపు సెలవు కాగితంపై కాక డ్యూటీ రిజిస్టరులో కనిపించాలి. ఘోర ప్రమాదాల్లో పనిచేసినవారిని వెంటనే మానసిక వైద్యునికి చూపించాలి. వైద్యం కోరినవాడు పిరికివాడన్న అపవాదు, ప్రమోషను పోతుందన్న భయం తొలగించవలసింది పై అధికారులే. 2022లో ప్రారంభమైన టెలిమానస్ 14416 నంబరు ఉచితం. దానిని ప్రతి స్టేషను గోడపై రాయించడానికి ప్రత్యేక నిధులు అక్కరలేదు.

అర్ధరాత్రి ఆపదలో మనం తట్టేది పోలీసు స్టేషను తలుపే. ఆ తలుపు తీసే మనిషి నిదానంగా ఆలోచించగలిగే స్థితిలో ఉండడం మనకే క్షేమం.