అష్టదిగ్గజాలు, పదిహేను వందలు

సీడీ రాసే ముందు మేము తప్పకుండా చేసే పని ఒకటుండేది. ఫోల్డరు తెరిచి, అందులో ఓఎఫ్‌ఎల్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఎక్కడుందో చూసి డిలీట్ కొట్టడం. ఈ ఫాంట్లను ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు, విడిగా అమ్మడం మాత్రం కుదరదు అని ఇంగ్లీషులో రాసుంటుంది దాంట్లో. అది కొనేవాడి కంటపడితే మాకు పదిహేను వందలు ఎవరిస్తారు?

మేము అంటే కావలి నుంచి సూళ్ళూరుపేట దాకా, సముద్రం పక్క మండలాల్లో డీటీపీ, ఫ్లెక్సీ షాపులు పెట్టుకుని బతికినవాళ్ళం. అందరూ అమ్మారని అనను. అమ్మనివాళ్ళు చూసి కూడా నోరు మెదపలేదు, అంతే తేడా.

అసలు గిరాకీ ఎట్లా పుట్టిందో చెప్పాలి. మా చేతులన్నీ అను ఫాంట్లకు అలవాటు పడినవి. పెళ్ళి శుభలేఖైనా, రొట్టెల పండగ ఫ్లెక్సీ అయినా దాంట్లోనే. అవి యూనికోడ్ కావు. సెల్‌ఫోన్లలో తెలుగు టైపు చెయ్యడం మొదలయ్యాక, జనం వాట్సాప్‌లో పంపిన మేటరు తెచ్చి ఆ ఫాంటు పెడితే గళ్ళు గళ్ళుగా వచ్చేది. మళ్ళీ మొదట్నుంచి కొట్టుకోవాల్సిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2012, 2013 ప్రాంతంలో తయారైన యూనికోడ్ ఫాంట్లను సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా విడుదల చేశారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామభద్ర, రామరాజ, తెనాలి రామకృష్ణ. ఎనిమిది మందీ ఉన్నారు. రాయలవారి పేరుతో ఇంకోటి. గూగుల్ ఫాంట్స్‌కి పోతే ఒక్క పైసా లేకుండా దిగుతాయి. తిక్కన గారి ఊరివాళ్ళమని చెప్పుకునే మేము, భువనవిజయాన్ని మొత్తంగా సీడీలో పెట్టి బేరానికి పెట్టాం.

ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే దాని హక్కు ఎవరిదో, ఏ సంవత్సరానిదో బయటపడుతుంది. గుణింతాలు, ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడకుండా కూర్చడం ఎంత చాకిరీయో అక్షరాలతో బతికే మాకు తెలియనిది కాదు. అయినా సీడీ కవరు మీద మా షాపు పేరే వేసుకున్నాం. పైగా జిప్ ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టాం. ఆ పాస్‌వర్డ్‌ని చీటీ మీద ప్రింటు తీసి, రబ్బరు స్టాంపు గుద్ది, 'లైసెన్స్ కీ' అని ఇచ్చాం. కంప్యూటర్ ఫార్మాట్ కొట్టి, చీటీ పోగొట్టుకుని వచ్చినవాడి దగ్గర మూడు వందలు 'రెన్యువల్' పట్టాం. ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, మంచి నవ్వు కాదు.

మాలో ఒకాయనకు లైసెన్సులు చదివే అలవాటుంది. ఒకరోజు టీ కొట్టు దగ్గర సంగతి ఎత్తాడు. 'ఏందన్నా, నువ్వు వాడే ఫోటోషాప్‌కి బిల్లుందా?' అన్నాడు ఇంకొకాయన. అందరం నవ్వాం. ఆయన గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. డబ్బు పెట్టి కొనాల్సినదాన్ని దొంగగా వాడుతూ, ఊరికే వచ్చేదాన్ని డబ్బుకి అమ్ముతున్నామని ఆ పూట ఎవరికీ తట్టలేదు. తట్టినా చెప్పుకోలేదు. ఇంకో తెలివైనవాడు ఒక దారి కనిపెట్టాడు: ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇస్తే అమ్మినా తప్పులేదట. ఆ మాట లైసెన్సులో నిజంగానే ఉంది. కానీ అట్లా ఇచ్చినా కాపీరైటు నోటీసూ, లైసెన్సూ వెంట ఉండాలని దాని పక్కనే ఉంది. మేము డిలీట్ కొట్టింది ఆ కాగితాన్నే కదా.

ఈ బుద్ధి మా ఒక్కరిదే కాదులెండి. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఊరికే కట్టి పెట్టిన ఫ్లైట్‌గేర్ అనే విమానం ఆటకు 'ప్రో ఫ్లైట్ సిమ్యులేటర్' అని పేరు తగిలించి అమ్మారు. బొమ్మలు చేసే బ్లెండర్‌ని 'ఇల్యూజన్‌మేజ్' చేశారు. ఆ రెండిటి లైసెన్సు జీపీఎల్. దాంట్లో అమ్ముకోవడం తప్పు కాదు. సీడీకి, శ్రమకు ఎంతైనా అడగవచ్చు. కొన్నవాడికి సోర్సు కోడు అందాలి, నువ్వు కూడా పంచుకోవచ్చన్న సంగతి వాడికి తెలియాలి. మేము నొక్కేసింది కూడా ఆ సంగతినే. పదిహేను వందలు దానితో పోల్చుకుంటే చిల్లర.

అల్లూరు పక్క పాలెం నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. పడవలకు స్టిక్కర్లు, గంగమ్మ జాతరకు ఫ్లెక్సీలు వేసేవాడు. సీడీని గుడ్డలో చుట్టి, ఉప్పుగాలి తగలకుండా బీరువాలో దాచుకున్నానని చెప్పేవాడు. రెండేళ్ళ తర్వాత ఒకరోజు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

'అన్నా, మా తమ్ముడు కూడా షాపు పెట్టినాడు. నా సీడీ వాడికి ఇయ్యొచ్చునా, ఇంకోటి కొనాల్నా?'

దొంగకాపీ చేసుకోవడం ఆ పిల్లవాడికి రాక కాదు. అడగకుండా చేస్తే నాకు అన్యాయం అవుతుందేమోనని బస్సెక్కి వచ్చాడు.

'ఒక కీ ఒక కంప్యూటర్‌కే రా అబ్బయా' అన్నాను.

జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టాడు. రెండు వందలు తగ్గాయి. పర్లేదు, తర్వాత ఇద్దువులే అని పెద్దమనిషిలా చెప్పి, రెండో చీటీ మీద స్టాంపు గుద్దాను.