మాయల ఫకీరుకు ఆ పేరు ఎందుకు?

గత వేసవి సెలవులలో రాజోలులోని మా ఇంటి అరుగుమీద నలుగురు పిల్లలు పాచికలతో కథల ఆట ఆడుకుంటున్నారు. ఒకరు కథ నడుపుతారు; తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి ఊహాలోకంలో సాహసాలు చేస్తారు. బందిపోటు నాయకునికి పేరు కావలసివచ్చింది. ఒక బాలుడు మా మనుమని వైపు తిరిగి, "నీ పేరే పెడదాంరా, దొంగకి బాగుంటుంది" అన్నాడు. అందులో ద్వేషం లేదు. ఆ సాయంకాలం ఆ బాలుడే మా ఇంట సేమ్యా తిని వెళ్ళాడు. కాని తన వీరునికి మా తండ్రిగారి పేరు పెట్టుకున్న మా మనుమడు, దానిని కొట్టివేసి ఇంగ్లీషు పేరొకటి రాసుకున్నాడు. ఆ కొట్టివేతే మా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

ప్రభుత్వ గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ పేర్లు రాయడమే మా పని. ఒక్క అక్షరం తప్పితే మనిషి ఎంత తిరగవలసివస్తుందో చూశాము. జిల్లా పేరు మీద 2022 మే నెలలో అమలాపురంలో ఇళ్ళు తగులబడ్డాయి. పేరంటే ఉత్త పిలుపు కాదని కోనసీమవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఊహాలోకపు దుష్టునికి నిజలోకపు జాతి పేరు తగిలించడం మనకు కొత్త కాదు. బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు జానపదుల నోట మాయల ఫకీరు. 1942లో జెమినీవారు అదే కథను చిత్రంగా తీసినప్పుడు అతడు మాయల మరాఠీ అయ్యాడు. 1951 నాటి 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు వచ్చాడు. పరాయివాడు మాయావి అన్నదే ఈ పేర్ల వెనుక ఉన్న భావం. ఫకీరు అనే అరబ్బీ మాటకు పేదవాడని అర్థం. దైవం తప్ప వేరే ఆధారం లేనివాడని సూఫీల భావన. ఆ మాట మాయలకు మారుపేరు కావడం బాధాకరం.

అయితే గురివింద గింజ తన కింది నలుపెరుగదన్నట్లు మనం మాట్లాడరాదు. అల్లావుద్దీన్ కథలో దుష్ట మాంత్రికుడు మగ్రిబ్, అంటే ఉత్తర ఆఫ్రికా దేశస్థుడు. వెయ్యిన్నొక్క రాత్రుల కథలలో అగ్ని ఆరాధకులు క్రూరులుగా కనిపిస్తారు. ఆ కథలు ముస్లిం సమాజాలలో పెరిగినవే.

పిల్లల ఆటకు మూలమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలో పుట్టింది. పాత్రలకు పేర్లు ఎంచుకొనేందుకు 2017లో వెలువడిన దాని అనుబంధ గ్రంథంలో అరబ్బీ పేర్లకు ఒక పట్టిక, భారతీయ పేర్లకు వేరొక పట్టిక ఉన్నాయి. షేక్ ఇంటిపేరుగా, అరబ్బీ మాట పేరుగా, తెలుగు నుడికారంగా గల మన బిడ్డ ఏ పట్టికవాడు? అరబ్బీ పేరు గలవాడు పరదేశి అన్న అపోహ అలా ఆటలోనూ చొరబడుతుంది. అదే సంస్థ 2020లో, రోమా సంచార ప్రజలను పోలిన పాత్రల చిత్రణలో దోషమున్నదని అంగీకరించి సవరణలకు పూనుకొన్నది. మర్యాదగా, గట్టిగా అడిగితే మార్పు వస్తుందనుటకు ఇది నిదర్శనం.

మన పేర్లను ఊహాలోకం నుండి తొలగించమని మేము కోరడం లేదు. అది మరొక వెలి. 1957లో అక్కినేని నాగేశ్వరరావు అల్లావుద్దీన్‌గా, 1970లో ఎన్.టి. రామారావు ఆలీబాబాగా వస్తే తెలుగువారు ఆదరించారు. 2022 నాటి 'ఆర్.ఆర్.ఆర్.'లో భీమ్ పాత్ర ఢిల్లీలో అఖ్తర్ అనే పేరుతో తలదాచుకుంటుంది. ఆ పేరు అక్కడ మంచి మనిషి పేరు. మేము కోరేదల్లా పంపకంలో న్యాయం: దొంగకే కాదు, రాజుకు, వైద్యునికి, పడవ నడిపేవానికి, వీరనారికి కూడా మన పేర్లుండాలి. దుష్టునికి కల్పిత నామమే చాలు.

ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, అవమానకరమైన మారుపేర్లతో పిలువవద్దని ఖుర్ఆన్ 49వ అధ్యాయం 11వ వాక్యం బోధిస్తుంది. ఈ నియమం మన పిల్లలకూ వర్తిస్తుంది. వారు ఆడే ఆటలోని దుష్టునికి పొరుగువారి పేరు పెట్టనీయవద్దు. తమ పేరు దొంగకు పెట్టబోయినప్పుడు మాత్రం కోపగించక, సిగ్గుపడక, "ఆ పేరు మా ముత్తాతది, వీరునికి పెట్టుకున్నాను" అని చెప్పగల ధైర్యం ఇంట్లో మనమే నేర్పాలి. ఏడవనాడు అఖీఖా చేసి, పెద్దలను తలచుకొని పెట్టిన పేరు అది. బిడ్డ దానిని తన చేతితో కొట్టివేసుకొనే పరిస్థితి రానీయరాదు.