మైన్‌స్వీపర్ లాటరీ కాదు మహాప్రభో!

ఆఫీసులో ఎవరైనా మైన్‌స్వీపర్ తెరిస్తే "పనేం లేదా?" అంటారు మనవాళ్ళు. అదే మనిషి సుడోకు నింపుతుంటే మేధావి! ఇదెక్కడి న్యాయమండీ?

"అంతా లక్కు" అనేవాళ్ళు చాలామంది అంకెల అర్థం తెలియకుండా ఎడాపెడా నొక్కినవాళ్ళే. అంకె అంటే ఆ గడి చుట్టూ ఎన్ని మైన్లున్నాయో చెప్పే లెక్క. వరసగా 1-2-1 వచ్చి, తెరవని గడులు దానికి ఒక పక్కనే ఉన్నాయనుకోండి. 2కి ఎదురుగా మూడు గడులు, వాటిలో రెండు మైన్లు. మొదటి రెండూ మైన్లైతే ఎడమవైపు 1 అబద్ధం. చివరి రెండైతే కుడివైపు 1 అబద్ధం. కాబట్టి మైన్లు రెండు చివర్లా, మధ్యది క్షేమం. ఇంటర్లో లెక్కల మాస్టారు బోర్డు మీద చేసింది ఇదే కదా!

ఇచ్చిన బోర్డులో అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతాయో లేదో తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ అని 2000లో రిచర్డ్ కే అనే గణితవేత్త చూపించాడు. పిల్లలాటట!

ఎక్స్‌పర్ట్‌లో 480 గడులకి 99 మైన్లు. చివర్లో ఒక్కోసారి గుడ్డిగా నొక్కక తప్పదు, ఒప్పుకుంటా. కానీ తప్పదని తేల్చుకోవడానికీ లాజిక్కే కావాలి.

ప్రోగ్రాం క్రాషైతే ఎర్రర్ మెసేజ్ చదవకుండా ఓ లైను మార్చి రన్ చేసి, మళ్ళీ ఇంకోటి మార్చే జాతి ఒకటుంది. అంకె కళ్ళెదుటే ఉన్నా చూడరు! వీళ్ళే వేలు పోసి ఆప్టిట్యూడ్ కోచింగుల్లో సూత్రాలు బట్టీ పట్టొస్తారు.

1992లో విండోస్ 3.1తో ఊరికే వచ్చిన ఆటని 2012లో విండోస్ 8 నుంచి తీసేశారు. ఇప్పుడు విడిగా దించుకోవాలి. దించుకున్నాక, మౌసుకి కుడి బటన్ కూడా ఉందని మర్చిపోకండేం!