పదుల కట్ట, పావులో పావు

ప్రాథమిక పాఠశాల గణితమంటే ఎక్కాలు, కూడికలు, తీసివేతలు అనే అభిప్రాయం బలంగా నాటుకుపోయినా, ఆ అయిదేళ్లలో పిల్లలు గ్రహించవలసిన మూలభావనలు ముఖ్యంగా రెండు. అంకె నిలిచిన చోటును బట్టి దాని విలువ మారడం స్థానవిలువ. ఒక మొత్తాన్ని సమభాగాలు చేసి వాటిలో కొన్నింటిని లెక్కించడం భిన్నం. 52లోంచి 38 తీసివేయమంటే చాలామంది పిల్లలు పెద్ద అంకెలోంచి చిన్నది తీసి 26 అని రాస్తారు. అది అజాగ్రత్త కాదు. 52లోని అయిదు అంటే అయిదు పదులనీ, వాటిలో ఒకదాన్ని విప్పి పది ఒకట్లుగా మార్చుకోవచ్చనీ వారికి ఎవరూ చేతికిచ్చి చూపలేదు.

ఆ లోటును తీర్చే సామగ్రి, ఉదాహరణకు, తమిళనాడులోని వేలూరు జిల్లా గుడియాత్తంలో దొరకనిది కాదు. అగ్గిపెట్టెలకూ, నేత లుంగీలకూ పేరుపడిన ఆ ఊళ్లో మందు అంటించని పుల్లలను పదేసి కట్టలు కట్టించి, అవసరమైనప్పుడు కట్ట విప్పిస్తే స్థానమార్పిడి కంటికి కనబడుతుంది. లుంగీని రెండుసార్లు సగానికి మడిస్తే పావు, ఇంకో రెండుసార్లు మడిస్తే వీసం, అంటే పదహారో వంతు, ఏర్పడుతుంది. నాలుగు కంటే పదహారు పెద్దది కనుక పదహారో వంతే పెద్దదనుకునే భ్రమ అక్కడే తొలగుతుంది. తెలుగువారి పాత లెక్కల్లో భిన్నాలకు నాలుగే ఆధారం కావడం, 1957లో దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు చెల్లడం ఇక్కడ గుర్తుచేసుకోదగినవి.

అయితే వృత్తిలోని లెక్కను బడికి తేవడం వేరు, బిడ్డను వృత్తికి అప్పగించడం వేరు. పిల్లలు సగంపూట మాత్రమే బడిలో ఉండి మిగతా వేళ తల్లిదండ్రుల పని నేర్చుకోవాలని 1953లో నాటి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ తెచ్చిన పథకాన్ని, 1954లో ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన కామరాజ్ రద్దుచేశారు. ఆ రద్దు ముమ్మాటికీ న్యాయమైనది.

తమిళనాడు బడుల్లో చదువుతూ ఇంట్లో తెలుగులో లెక్కపెట్టే పిల్లల సంగతి మరింత శ్రద్ధ కోరుతుంది. 2006 నాటి చట్టంతో అక్కడ తమిళం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు చదువు, లెక్కల పునాది వేసేందుకు 2022లో తమిళనాడు ‘ఎణ్ణుం ఎళుత్తుం’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. తమిళం నేర్వడం ఆ పిల్లలకు మేలే. కానీ కట్ట ఎందుకు విప్పాడో చెప్పమన్నప్పుడు పిల్లవాణ్ణి ముందు తెలుగులోనే చెప్పనిచ్చి, ఆ తర్వాత అదే కారణాన్ని తమిళంలో చెప్పించే ఓపిక తరగతి గదిలో ఉండాలి. మూల్యాంకనంలోనూ జవాబుతో పాటు ఆ కారణానికి మార్కులు కేటాయించాలి.