పదేపదే చూడాలా? పిలిస్తే చాలదా?

మీకు ఉత్తరం వచ్చిందేమోనని అరనిమిషానికోసారి గుమ్మంలోకి పరుగెత్తుతారా? పోస్ట్‌మాన్ పిలిస్తే చాలు కదా!

1999లో మార్క్ స్పెన్సర్ ప్రారంభించిన ‘ఆస్టరిస్క్’ టెలిఫోన్ సాఫ్ట్‌వేర్‌లో, మనం లేనప్పుడు వచ్చిన కబురు వాయిస్‌మెయిల్ పెట్టెలో నిలవ ఉంటుంది. ఫోను మీద దీపం వెలుగుతుంది. అయితే బయటి ప్రోగ్రామేదైనా పెట్టెలో కబురు వేసినా, తీసినా ఆస్టరిస్క్‌కు తెలియదు. అందుకే పెట్టెలను పదేపదే తనిఖీ చేసే ఏర్పాటు కూడా ఉంది. 30 సెకన్లకోసారి అంటే ఒక్కో పెట్టెకు రోజుకు 2,880 తనిఖీలు. వంద పెట్టెలకు 2,88,000! పోనీ, వ్యవధి పెంచితే దీపం ఆలస్యంగా వెలుగుతుంది. అత్యవసరమైన కబురు అలాగే పడి ఉంటుంది.

మరి ఉపాయమేమిటి? పెట్టెను ముట్టుకున్న ప్రోగ్రామే ఆ సంగతి వెంటనే చెప్పాలి. ఈ సాఫ్ట్‌వేర్ మూలరచనను ఎవరైనా చదవవచ్చు, బాగుచేయవచ్చు. ఆ పని చేసేవారిలో రేపు మీరూ ఉండాలి.